సంయుగ్మం: కలయికా, కాడి కట్టడమా?

సభ్యులందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు తెలుగు మీడియంలో వృక్షశాస్త్రం చెబుతాను. బాక్టీరియా పాఠం వచ్చినప్పుడల్లా ‘సంయుగ్మం’ (ఒక బాక్టీరియా మరోదాన్ని తాకి జన్యువులు అందించడం, ఇంగ్లీషులో ‘కాంజుగేషన్’) అనే మాట దగ్గర నాకు టెన్షన్ మొదలవుతుంది.

పిల్లలు ఇదే మాటను స్పైరోగైరా అనే నీటి పాచి పాఠంలోనూ చదువుతారు. అక్కడ రెండు కణాల్లోని పదార్థం కలిసిపోయి ఒక్క సంయుక్తబీజం అవుతుంది. బాక్టీరియాలో కణాలు అలా కలిసిపోవు. దాత కణం నుంచి నూలుపోగులాంటి పైలస్ వచ్చి గ్రహీతను పట్టుకుని దగ్గరకు లాక్కుంటుంది. దాతలో క్రోమోజోముకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం ప్లాస్మిడ్. దానిలోని రెండు పోగుల్లో ఒకటి అవతలికి వెళ్తుంది. రెండు కణాలూ తమ దగ్గరున్న ఒక్క పోగుకు జతపోగును దేనికది అల్లుకుంటాయి. ముందు రెండు కణాలు, తర్వాతా రెండే. పిల్ల పుట్టలేదు, దాత పోగొట్టుకున్నదీ లేదు. అయినా పరీక్షలో ‘సంతానం కలుగుతుంది’ అని రాసి మార్కులు పోగొట్టుకుంటున్నారు. ‘సంయుగ్మం అంటే కలయిక’ అని చెప్పింది నేనే, తప్పు పిల్లలది కాదు.

బాక్టీరియాకు కొత్త జన్యువులు చేరే మిగతా రెండు పద్ధతుల పేర్లతో ఇంత ఇబ్బంది లేదు. ‘జన్యువహనం’ వింటేనే ఎవరో మోసుకొస్తున్నారని తెలుస్తుంది. మోసేది వైరస్ అని చెబితే చాలు. 1952లో జిండర్, లెడర్‌బర్గ్ సాల్మొనెల్లా అనే బాక్టీరియాలో చూపించింది అదే. ‘జన్యు పరివర్తన’ మాత్రం ఫలితం చెబుతుంది, ఏం జరిగిందో చెప్పదు. 1928లో గ్రిఫిత్ వేడికి చచ్చిన ప్రమాదకర న్యుమోకాకస్ బాక్టీరియాను, బతికున్న నిరపాయ రకంతో కలిపి ఎలుకలకు ఎక్కించాడు. అవి చచ్చిపోయాయి, వాటి రక్తంలో ప్రమాదకర రకం బతికి కనిపించింది. ఆయన చూసింది మార్పునే. దానికి కారణం చచ్చిన రకం నుంచి బతికున్నదానిలోకి చేరిన డీఎన్ఏ అని ఏవరీ బృందం తేల్చింది 1944లో. కారణం తెలియక ముందు పుట్టిన మాట అలా ఉండటం న్యాయమే.

‘సంయుగ్మం’ తీసేసి ‘జన్యుదానం’ అంటే ఎలా ఉంటుందంటారు?

ఒక సభ్యురాలి జవాబు:

మాస్టారూ, నేను తెలుగు టీచరుగా రిటైరయ్యాను, సైన్సు అంతగా తెలియదు. కానీ ‘దానం’ వద్దండీ. దానమిచ్చాక ఆ వస్తువు మన దగ్గర ఉండకూడదు. గోదానం చేసి ఆవును మన పాకలోనే కట్టేసుకోం కదా! మీ దాత కణం తన దగ్గర కూడా ఉంచుకుంటోందంటున్నారు. ఇక ‘యుగ్మం’లోని ‘యుజ్’ ధాతువుకు జోడించడం, కాడి కట్టడం అని అర్థం. సంస్కృతంలో ‘యుగం’ అన్నా కాడే. ఇంగ్లీషు ‘కాంజుగేషన్’లో దాగిన లాటిన్ ‘జుగుమ్’ కూడా కాడే, రెండిటి మూలం ఒకటే. కాడి కింద ఎడ్లు ఒకటైపోవు. దున్నినంతసేపు జతగా ఉంటాయి, సాయంత్రం విప్పితే దేని గాటికి అది పోతుంది.

నా జవాబు:

అమ్మా, మీరు కాడి విప్పడం అన్నారు. నిజంగా విప్పి చూసినవాళ్లున్నారు! 1950లలో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో వోల్మన్, జాకబ్ ఇద్దరూ ఈ.కోలై అనే బాక్టీరియా జతల్ని వేర్వేరు సమయాల్లో మిక్సీలాంటి యంత్రంలో తిప్పి విడదీశారు. వాళ్లు వాడిన రకంలో ప్లాస్మిడ్ క్రోమోజోములోనే కలిసిపోయి ఉంటుంది, అందుకే క్రోమోజోమే అవతలికి దాటడం మొదలవుతుంది. త్వరగా విడదీస్తే కొన్ని జన్యువులే అవతలికి చేరాయి, ఆలస్యంగా విడదీస్తే ఇంకొన్ని. ఆ నిమిషాల లెక్కతోనే ఏ జన్యువు తర్వాత ఏదో పటం గీశారు. క్రోమోజోము మొత్తం దాటడానికి సుమారు 100 నిమిషాలు కావాలి. అంతసేపు జత నిలవడం అరుదు, చేను పూర్తికాకముందే కాడి జారిపోతుంది. విడిగా ఉండే ప్లాస్మిడ్ చిన్నది కాబట్టి కొద్ది నిమిషాల్లో దాటేస్తుంది. మందులకు లొంగని గుణం ఒక జాతి బాక్టీరియా నుంచి మరో జాతికి ఇంత తేలిగ్గా పాకడానికి అదొక పెద్ద కారణం.

మాట మార్చను. ఈసారి ‘కలయిక’ అనకుండా బోర్డు మీద కాడి బొమ్మ వేసి మొదలుపెడతాను. ‘దాత’ సంగతి మాత్రం మిగిలిపోయింది. పక్కింటివాళ్లు మన దీపంతో వాళ్ల దీపం అంటించుకుంటే మన వెలుగు తగ్గదు. అలా ఇచ్చేవారిని మీ ఊళ్లో ఏమంటారు?