కరువులో దాడులా, వానలు పడ్డాక దాడులా? తుర్కానా, మార్సబిట్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. ఉత్తర కెన్యా పశువుల కాపరులు ఒకరి మందలను ఒకరు ఎత్తుకెళ్లడానికి చేసే దాడుల మీద పీజీ ప్రాజెక్ట్ రాస్తున్నాను, ఒక దగ్గర గట్టిగా ఇరుక్కుపోయాను. గడ్డి, నీళ్లు తగ్గితే కొట్లాటలు పెరుగుతాయనే నమ్మకంతోనే మొదలుపెట్టాను. అక్కడి తుర్కానా ప్రాంతం మీద 2012లో వచ్చిన అధ్యయనం అదే అంటోంది, వాన లేని నెలల్లో, కరువు ఏళ్లలో హింస ఎక్కువని. కానీ తుర్కానా సరస్సుకు తూర్పున ఉన్న మార్సబిట్ ప్రాంతం మీద 2009లో వచ్చినది చూస్తే, వానలు బాగా పడిన ఏళ్లలోనే దాడుల్లో ఎక్కువమంది చనిపోయారట!

ఆలోచిస్తే అదీ సబబుగానే ఉంది. వానల తర్వాత పశువులు బలంగా ఉంటాయి, ఎత్తుకెళ్లినా దూరం నడుస్తాయి, పొదలు గుబురుగా పెరిగితే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. అదే కరువులో బక్కచిక్కిన ఆవును తోలుకెళ్తే దారిలోనే కూలబడుతుంది. పైగా నీళ్లు అడుగంటినప్పుడు లోతు బావిలోంచి చేద ఒకరి చేతి నుంచి ఇంకొకరికి అందాలి, ఒంటరిగా అయ్యే పని కాదు, పొరుగువాళ్లతో రాజీ పడక తప్పదు.

మరి ఈ తేడా ఎందుకొస్తోంది? తెగల మధ్య ఒప్పందాల వల్లా, తుపాకుల వల్లా, లేక ఒకరు నెలవారీగా, ఇంకొకరు ఏడాది లెక్కన చూడటం వల్లా? నా దగ్గర 1997 నుంచి ఏక్లెడ్ (ACLED, హింసాత్మక ఘటనలను నమోదు చేసే డేటాబేస్) డేటా ఉంది, మారుమూల దాడులు అందులో సరిగ్గా నమోదు కావేమోనని టెన్షన్‌గా ఉంది. వర్షపాతం తీసుకోవాలా, ఉపగ్రహాల పచ్చదనం కొలతలా? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి దారి చూపించండి.