ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో గాలి సూచన ఎలా చదవాలి?

ప్రశ్న: ఫోన్ యాప్‌లో రేపటికి గాలి 12, విసురు (ఒక్కసారిగా పెరిగే గాలి) 22, దిశ 225 అని ఉంది. ఫైబర్ బోటు వేయొచ్చా అన్నా?

జవాబు 1: ముందు ఆ 12 ఏ కొలతో చూడు తమ్ముడూ. నాట్ (సముద్రంలో వాడే వేగం కొలత) అయితే గంటకు 22 కిలోమీటర్లు, సెకనుకు మీటర్లయితే 43. నాట్‌ను 1.852తో, మీటర్లను 3.6తో గుణించాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 225 డిగ్రీలంటే నైరుతి నుంచి వచ్చే గాలి. అటు పోయే గాలి కాదు.

జవాబు 2: వేగమంటే 10 మీటర్ల ఎత్తున 10 నిమిషాల సగటు. విసురు కొన్ని సెకన్లే ఉంటుంది, కానీ బోటును ఒరగదోసేది అదే. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది: 12 నుంచి 22కి వెళితే మూడు రెట్లు దాటుతుంది. అందుకే నేను విసురు అంకె చూసే నిర్ణయిస్తాను. మన ఒడ్డు నైరుతి–ఈశాన్యంగా సాగుతుంది కాబట్టి నైరుతి గాలి ఒడ్డు వెంబడే కొడుతుంది. గాలి ఆగ్నేయం నుంచి వీస్తే నేరుగా ఒడ్డు మీదికే, అలలు విరిగేచోట బోటు దించడం కష్టం.

జవాబు 3: ఏప్రిల్, మే సాయంత్రాల్లో యాప్‌ను నమ్మొద్దు. కాలబైశాఖి (వేసవి ఉరుముల గాలివాన) మబ్బు చిన్నది, యాప్ ప్రాంతాన్ని గళ్లుగా విడగొట్టి లెక్కేసే ఒక్కో గడి పెద్దది, అందులో ఈదురుగాలి చిక్కదు. వాతావరణ శాఖ 3 గంటల ముందస్తు సూచన, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెప్పే అలల ఎత్తు రెండూ చూసుకో. మత్స్యకారుల హెచ్చరిక ఉంటే అంకెలతో పనేలేదు, బోటు ఒడ్డునే ఉంచు.