టెక్సస్‌లో ఇండియన్ పెయింట్‌బ్రష్: పెరట్లో ఎవరికైనా వచ్చిందా?

వనజ_ఫ్రిస్కో (మే)
ఏటా ఏప్రిల్‌లో పిల్లల్ని డాలస్ దగ్గరి ఎన్నిస్ ఊరికి తీసుకెళ్ళి బ్లూబానెట్లనే నీలం అడవిపూలలో కూర్చోబెట్టి ఫొటోలు తీయడం మా ఇంట్లో ఆనవాయితీ. నా కళ్ళు మాత్రం ఆ నీలం మధ్య కుంకుమలో ముంచిన కుంచెల్లా నిలబడ్డ ఎర్రటి పెయింట్‌బ్రష్ పూల మీదే. రెండుసార్లు విత్తనాలు వేశాను. మొదట మార్చిలో. తర్వాత అక్టోబర్‌లో, సంచి మట్టి పోసి, అర అంగుళం లోతున, రోజూ నీళ్ళు పోసి మరీ. ఒక్క మొక్క మొలవలేదు. ఎక్కడ తప్పు చేశాను?

ఆస్టిన్_రైతుబిడ్డ
ప్రేమ ఎక్కువైందండీ, అదే తప్పు! ఆ గింజలు గసగసాల కన్నా చిన్నవి, అర అంగుళం మట్టి కింద నుంచి పైకి రాలేవు. ఇసుకలో కలిపి పైన చల్లి, కాలితో తొక్కి వదిలేయాలి. సెప్టెంబర్ నుంచి నవంబర్ లోపు వేస్తే చలికాలమంతా నేలకు అంటుకుని ఉండి మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. మార్చిలో వేస్తే ఎండలు ముందొచ్చేస్తాయి.
అసలు సంగతి ఇంకోటి. మన మామిడి మీద బదనిక తెలుసుగా? ఇదీ ఆ బాపతే. ఆకుపచ్చగా ఉండి తన తిండి తాను కొంత వండుకుంటుంది, కానీ నీళ్ళు, లవణాల కోసం పక్క మొక్క వేళ్ళకు తన వేరు తగిలిస్తుంది. పొగాకు వేళ్ళను పీల్చే కలుపు ఉందే, పొగాకు మల్లె (మల్లెపువ్వు కాదు), అది కూడా దీని కుటుంబమే. పక్కన గడ్డో, బ్లూబానెట్టో లేకుండా ఒంటరిగా పెంచితే మొలిచినా నీరసంగానే ఉంటుంది.

కేటీ_కుమారి
రైతుబిడ్డగారు చెప్పింది నేను కళ్ళారా చూశాను. బ్లూ గ్రామా గడ్డితో కలిపి కుండీలో వేశాను. పూలైపోయాక కుండీ బోర్లించి మట్టి కడిగితే, దీని వేరు గడ్డి వేరును తాకినచోట చిన్న చిన్న తెల్ల బుడిపెలు! లాగితే రెండూ కలిసే వచ్చాయి. అడవి మొక్కను తవ్వి తెచ్చి నాటితే ఎందుకు బతకదో అప్పుడు అర్థమైంది.
ఇంకో మాట, ఆ ఎరుపు పువ్వు కాదు. కాగితం పూలలో లాగే రంగు తిరిగిన ఆకులు. ఒకటి పక్కకు వంచి చూడండి, లోపల సన్నటి లేతాకుపచ్చ గొట్టం కనిపిస్తుంది. పువ్వు అదీ.

ప్లేనో_సాంబ
మా పెరడు బెర్ముడా గడ్డి. గడ్డి ఉందిగా అని ధీమాగా చల్లాను. దట్టంగా ఉంటే గింజ మట్టికి తగలదట. పైగా లాన్ చూసుకునేవాళ్ళు సెప్టెంబర్‌లో కలుపు గింజలు మొలవకుండా మందు కొట్టారు. దానికి కలుపూ, పూలూ తేడా ఏం తెలుస్తుంది! నా డబ్బులు పోయాయి.

ఆస్టిన్_రైతుబిడ్డ
సాంబ అన్నా, ఒక మూల గడ్డిని పొట్టిగా కత్తిరించి, పళ్ళ పారతో గీరి, నేల కనిపించాక చల్లు. మందు అటు పోనీయకు. ఎరువు కూడా వద్దు. మీ డాలస్ వైపు నేల మన నల్లరేగడి లాంటిదే, వానకు నీళ్ళు నిలుస్తాయి. కాస్త వాలు ఉన్నచోటు చూసుకో. పూలయ్యాక గింజలు ముదిరి రాలేదాకా మోవర్ పెట్టొద్దు. ఇది ఏడాది మొక్క, గింజ రాలకపోతే వచ్చే ఏడు ఉండదు.

సియాటెల్_పద్మ
ఇక్కడ పసుపు రంగుది ఉంది, గోల్డెన్ పెయింట్‌బ్రష్. దాదాపు పోయిందనుకుని 1997లో రక్షిత జాబితాలో పెట్టారు. పచ్చిక బయళ్ళలో మళ్ళీ నాటి పెంచాక 2023లో ఆ జాబితా నుంచి తీసేశారు. వయోమింగ్ రాష్ట్ర పుష్పం కూడా ఈ జాతిదే, 1917 నుంచి. చల్లటి ప్రాంతాల రకాలకు మొలవాలంటే కొన్ని వారాలు తడి చలి కావాలి, మీకు ఆ బాధ లేదు.

హైదరాబాద్_మొక్కలపిచ్చి
అక్కా, వచ్చేటప్పుడు ఒక పొట్లం తేవా?

కేటీ_కుమారి
తేను తమ్ముడూ. అనుమతి పత్రాలు లేకుండా విత్తనాలు తేకూడదు. పైగా పక్క మొక్కల వేళ్ళు పీల్చేది. అక్కడ జొన్నకు పట్టే మల్లె చాలదా?
అన్నట్టు, బ్లూబానెట్ పక్కన పెరిగితే దాని చేదు రసాయనాలు కూడా ఇది లాక్కుంటుందట. అప్పుడు పురుగులు తక్కువ తింటాయి. నీళ్ళతో పాటు మందూ దొంగతనమే!

వనజ_ఫ్రిస్కో (ఫిబ్రవరి)
అక్టోబర్‌లో బ్లూబానెట్, ఇది కలిపి చల్లి కాలితో తొక్కాను. నీళ్ళు ఎప్పుడో గానీ పోయలేదు. ఇప్పుడు కంచె పక్కన సన్నటి, పొడుగాటి, నూగున్న ఆకులతో ఏడెనిమిది మొక్కలు. బ్లూబానెట్ ఆకులా వేళ్ళుగా విడిపోలేదు. కలుపు కాదు కదా? మావారు పీకేస్తానని తిరుగుతున్నారు.

ఆస్టిన్_రైతుబిడ్డ
అది పెయింట్‌బ్రష్‌లాగే ఉందండీ. బావగారిని ఏప్రిల్ దాకా ఆ కంచె వైపు పోనీయకండి.