మూడింట్లో రెండు మెషీన్లు పడిపోయాయి, బతికున్న మూడో కాఫ్కా బ్రోకర్ లీడర్ ఎందుకు అవ్వలేదు?

ఉప్పుటేరు గట్టు:

అందరికీ నమస్కారం అండి. మాది భీమవరంలో చిన్న ఆఫీసు. రొయ్యల చెరువుల్లో డీవో సెన్సార్లు (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేవి) పెట్టి, ఆక్సిజన్ పడిపోతే రైతుకీ కాపలా మనిషికీ ఫోన్ వెళ్ళేలా చేస్తాం. రీడింగులన్నీ కాఫ్కా (మెసేజ్‌లని వరసగా రాసుకుని, కావాల్సిన ప్రోగ్రామ్‌లకి అందించే సాఫ్ట్‌వేర్) మీదుగా వెళ్తాయి. వెర్షన్ 3.7, మెషీన్ల లెక్క చూడటానికి జూకీపర్ అనే వేరే సాఫ్ట్‌వేర్ లేదు, ఆ పనీ కాఫ్కాయే చూసుకునే క్రాఫ్ట్ మోడ్. మూడు మెషీన్లు, మూడూ బ్రోకర్లే (మెసేజ్‌లు దాచేవి), మూడూ కంట్రోలర్లే (ఎవరు లీడరో తేల్చేవి). 1, 2 నంబర్లవి భీమవరం ఆఫీసులో ఉన్నాయి, 3వది ఆకివీడులో మా బాబాయి మేత గోడౌన్‌లో ఉంది. రీడింగుల టాపిక్‌కి రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3 (మూడు కాపీలు), మిన్ ఇన్‌సింక్ రెప్లికాస్ 2 (కనీసం రెండు కాపీలు తాజాగా ఉంటేనే రాత), రీడింగులు పంపే ప్రొడ్యూసర్‌లో యాక్స్ ఆల్ (తాజా కాపీలన్నీ అందిందని చెప్పాలి). ఒకటి పోయినా రెండు ఉంటాయన్న ధైర్యంతో ఉన్నాను.

పోయిన మంగళవారం రాత్రి 2:40కి భీమవరంలో కరెంటు పోయింది. 3:20కి యూపీఎస్ కూడా అయిపోయింది. ఆకివీడు మెషీన్ మాత్రం బతికే ఉంది. అక్కడ కరెంటు ఉంది, నెట్ ఉంది, సెన్సార్లు పంపుతూనే ఉన్నాయి. అయినా ఒక్క రీడింగు కూడా లోపలికి పోలేదు. ప్రొడ్యూసర్ లాగ్ నిండా టైమౌట్లే. 3వ మెషీన్ లాగ్ చూస్తే, క్యాండిడేట్‌గా నిలబడటం, ఓట్లు రాక మళ్ళీ నిలబడటం, కరెంటు వచ్చిన 4:50 దాకా ఇదే వరస.

ఆ టైములోనే కాళ్ళ అనే ఊరి దగ్గర ఒక రైతుగారి చెరువులో రొయ్య పైకి తేలింది. మా దగ్గర్నుంచి ఫోన్ వెళ్ళలేదు. కాపలా కుర్రాడు మేత చెక్ చేద్దామని టార్చి వేస్తే గట్టు అంచు పొడవునా కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయట. జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పాడు కాబట్టి 90 రోజుల పంట దక్కింది. ఆ రైతుగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇంకో సంగతి. శుక్రవారం పగలు పరీక్ష కోసం 2వ మెషీన్ ఒక్కటే ఆపాను. రీడింగులు చక్కగా రాసుకుంటున్నాయి కానీ, రీడింగులు చదివి ఫోన్లు చేసే కన్స్యూమర్ ప్రోగ్రామ్ బిగుసుకుపోయింది. 1వ మెషీన్ ఆపితే ఏమీ కాలేదు. రెండు మెషీన్లలోనూ సెట్టింగులు ఒకటే.

అన్‌క్లీన్ లీడర్ ఎలక్షన్ (వెనకబడ్డ కాపీని కూడా లీడర్ కానిచ్చే సెట్టింగు) ఆన్ చేసేస్తే ఈ గొడవ ఉండదని ఆఫీసులో అంటున్నారు. చేసేయమంటారా?

లంకవాసి:

చెయ్యకండి. చేసినా ఆ రాత్రి పని జరిగేది కాదు. పార్టిషన్‌కి, అంటే టాపిక్‌లో ఒక్కో ముక్కకి, లీడర్‌ని (రాతలు తీసుకునే మెషీన్‌ని) నియమించేది కంట్రోలర్. మీ మూడింట్లో ఒకటి ఆ పని చేసే కంట్రోలర్‌గా ఉండాలంటే, ఆ మూడు మెషీన్లే ఓటర్లు, ముగ్గురిలో ఇద్దరు కలవాలి. మీ ఇద్దరు ఓటర్లూ ఒకే గదిలో, ఒకే యూపీఎస్ కింద ఉన్నారు. అది ఆగిన క్షణంలో మీ కోరమ్ (ఎన్నికకి కావాల్సిన మెజారిటీ) పోయింది. ఇంక అన్‌క్లీన్ అయినా క్లీన్ అయినా ఎన్నిక జరిపేవాళ్ళే లేరు.

మా ఊరు గోదావరి మధ్యలో లంక. వరదొచ్చి పడవ ఆగిపోతే, అవతల గట్టు మీద ఊరు మునిగిందో, కేవలం పడవే రాలేదో మాకు తెలియదు. ఆకివీడు మెషీన్‌దీ అదే పరిస్థితి. భీమవరం చచ్చిపోయిందా, మధ్యలో లైన్ తెగిందా అన్నది దానికి తెలిసే దారి లేదు. లైనే తెగి ఉండి, ఇటు ఇదీ అటు అవీ లీడర్లమని చెప్పుకుని రాసుకుంటూ పోతే, తర్వాత ఆ రెండు లెక్కల్నీ ఎవరూ కలపలేరు. అందుకే ఒంటరిగా మిగిలినది నోరు మూసుకుంటుంది. మీ మెషీన్ తప్పు చేయలేదండీ.

టైమౌట్లు ఎందుకంటే, కంట్రోలర్ లేకపోతే ఐఎస్ఆర్ జాబితా (లీడర్‌తో సమానంగా ఉన్న తాజా కాపీల జాబితా) కూడా మారదు. 3వ మెషీన్ అప్పటికే లీడర్‌గా ఉన్న పార్టిషన్లలో కూడా ఆ జాబితాలో ముగ్గురూ ఉన్నట్టే ఉంటుంది. యాక్స్ ఆల్ అంటే ఆ ముగ్గురి జవాబు కోసమూ ఆగాలి. ఇద్దరు ఎప్పటికీ పలకరు.

అన్‌క్లీన్ గురించి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే దీనివల్ల ఒక నెల లెక్కలు పోగొట్టుకున్న టీమ్‌లో పనిచేశాను. వెనకబడ్డ కాపీని లీడర్ చేస్తే, పాత లీడర్ తిరిగి లేచాక కొత్త లీడర్ దగ్గర లేని మెసేజ్‌లని తన దగ్గర కోసేసుకుంటుంది. ఎర్రర్ రాదు, అలారం మోగదు. 0.11 వెర్షన్ నుంచి దాన్ని డిఫాల్ట్‌గా ఆఫ్‌లో పెట్టింది ఇందుకే.

మందు ఒకటే. 2వ మెషీన్‌ని భీమవరం దాటించి మూడో ఊళ్ళో పెట్టండి. అప్పుడు ఏ ఊరు ఆరిపోయినా ఓటర్లు ఇద్దరు, కాపీలు రెండు మిగులుతాయి. నోడ్ ఐడీ మార్చొద్దు, డిస్క్ ఫార్మాట్ చెయ్యొద్దు. కంట్రోలర్ కోరమ్ ఓటర్స్ లైన్‌లో కొత్త అడ్రస్ మూడు మెషీన్లలోనూ రాసి, ఒక్కొక్కటే రీస్టార్ట్ చెయ్యండి. ఒకటి పూర్తిగా ఐఎస్ఆర్‌లోకి వచ్చాకే రెండోది ముట్టుకోండి.

లాకుల దగ్గర:

శుక్రవారం కన్స్యూమర్ బిగుసుకుపోయింది వేరే జబ్బు. కన్స్యూమర్ ఆఫ్‌సెట్స్ టాపిక్‌ని (ఏ కన్స్యూమర్ ఎక్కడిదాకా చదివిందో కాఫ్కా రాసుకునేది) డిస్క్రైబ్ చేసి చూడండి. రెప్లికేషన్ ఫ్యాక్టర్ 1 అని ఉంటుందని నా అనుమానం. కాఫ్కాతో వచ్చే శాంపిల్ సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్లో అలాగే రాసి ఉంటుంది. అందరం దాన్నే కాపీ చేసుకుంటాం.

ఆ టాపిక్‌లో 50 పార్టిషన్లు. గ్రూపు పేరును బట్టి మీ కన్స్యూమర్ గ్రూపు వాటిలో ఒకదానికి పడుతుంది, ఆ పార్టిషన్ లీడరే గ్రూపుకి కోఆర్డినేటర్, అంటే ఆ గ్రూపు లెక్క చూసేది. మీది 2వ మెషీన్ మీద పడి ఉంటుంది. అందుకే 1 ఆపితే నడిచింది, 2 ఆపితే ఆగింది. కన్స్యూమర్ లాగ్‌లో కోఆర్డినేటర్ దొరకడం లేదన్న లైన్ ఉండాలి.

ఇప్పుడు ఫైల్లో 3 అని మారిస్తే సరిపోదు. టాపిక్ ముందే పుట్టేసింది. రీఅసైన్ పార్టిషన్స్ టూల్‌తో 50 పార్టిషన్లకీ మూడు కాపీలు ఇవ్వాలి. ట్రాన్సాక్షన్లు వాడుతుంటే ఆ స్టేట్ టాపిక్ కూడా చూడండి.

చేపా రొయ్యా:

మీ కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు గానీ బాబూ, ఇరవై ఏళ్ళుగా చెరువులు చేస్తున్నాను. రాత్రంతా నీళ్ళలో నాచూ రొయ్యా కలిసి ఆక్సిజన్ తినేస్తాయి, సూర్యుడు వస్తేగాని మళ్ళీ పుట్టదు. అందుకే గండం ఎప్పుడూ తెల్లవారుజామునే. కరెంటు పోయేదీ ఆ టైములోనే అయితే మీ ఫోన్ భీమవరం వెళ్ళి తిరిగి రావాలా? సెన్సార్ పక్కనే బ్యాటరీ మీద ఒక సైరన్ పెట్టండి. డీవో 4 కిందకి దిగితే అక్కడే మోగాలి.

ఉప్పుటేరు గట్టు:

ముగ్గురికీ దణ్ణాలండి. రెండు వారాలు పట్టింది, ఏమైందో చెప్తాను.

ఆఫ్‌సెట్స్ టాపిక్‌కి నిజంగానే ఒకటే కాపీ ఉంది. 50కీ మూడేసి ఇచ్చాను. 2వ మెషీన్‌ని పాలకొల్లులో మా పెదనాన్నగారి బియ్యం మిల్లు ఆఫీసు గదిలో పెట్టాను. మొదటి రెండు రోజులు అది ఐఎస్ఆర్‌లోంచి పోతూ వస్తూ ఉంది. వెళ్ళి చూస్తే మిల్లు మోటార్ల పక్కనుంచి నెట్ కేబుల్ లాగారు. దారి మార్చాక నిలకడగా ఉంది.

గురువారం రాత్రి భీమవరం మెషీన్ ప్లగ్గు పీకేశాను, పద్ధతిగా ఆపలేదు, సరాసరి పీకాను. పది సెకన్ల లోపే కంట్రోలర్ దాన్ని తీసేసి లీడర్లని మిగతా రెండింటికీ పంచింది. ఐఎస్ఆర్ 2, 3 అని చూపించింది. నేను పంపిన దొంగ రీడింగుకి నా ఫోన్ మోగింది. ప్లగ్గు పెట్టాక కాసేపటికి లీడర్లు వాటంతట అవే పాత చోటికి వచ్చాయి.

ఆదివారం కాళ్ళ వెళ్ళి, ఆ రైతుగారి చెరువు గట్టున మొదటి సైరన్ బిగించాం. నిన్న తెల్లవారుజామున 4:35కి మోగింది, డీవో 3.8. నా ఫోన్ మోగేలోపే ఆయన ఏరేటర్లు వేసేసి, వేశానని చెప్పడానికి ఆయనే ఫోన్ చేశారు. అదే రీడింగు మూడు ఊళ్ళలోనూ ఉంది, చూసుకున్నాను.