స్విఫ్ట్ పెట్రోల్‌కి కోన్ ఫిల్టర్ వేయించొచ్చా? వైజాగ్ దుమ్ము, వాన సంగతేంటి?

గాజువాక_83పీఎస్:
కారు 2019 స్విఫ్ట్ పెట్రోల్, 1.2, టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెట్టేది) లేదు, 46 వేలు తిరిగింది. రోజూ గాజువాక నుంచి పోర్టు మీదుగా జగదాంబ వైపు, అప్పుడప్పుడు అరకు. కంపెనీ ఎయిర్ బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) తీసేసి మూడంగుళాల అల్యూమినియం పైపు, కోన్ ఫిల్టర్ (పెట్టె లేకుండా బయటికే ఉండే శంకు ఆకారం ఫిల్టర్) వేస్తే 10-15 హార్స్ పవర్ పెరుగుతుందని, మైలేజ్ కూడా ఒకటో రెండో ఎక్కువొస్తుందని షాపు వాళ్లు అంటున్నారు. 14 వేలు చెప్పారు. రెండు రకాలున్నాయట: ఒకటి బానెట్ లోపలే ఉండేది, ఇంకోటి బంపర్ వెనక్కి దిగేది. ఏది మేలండీ? ఘాట్‌లో బండి లాగట్లేదన్నదే అసలు బాధ.

బానెట్_బాబాయ్:
పదిహేను హార్స్ పవర్ మాట ముందు మర్చిపోండి. లెక్క చూద్దాం. వాతావరణ పీడనాన్ని నీటి ఎత్తులో చెప్తే సుమారు 1033 సెంటీమీటర్లు. ఫుల్ యాక్సిలరేటర్‌లో మీ ఎయిర్ బాక్స్, ఫిల్టర్, పైపు అన్నీ కలిసి 25 సెంటీమీటర్ల అడ్డు పెడుతున్నాయనుకోండి. ఆ అడ్డు మొత్తం మాయమైపోయినా దక్కేది రెండున్నర శాతం లోపు. 83 పీఎస్ (పీఎస్ అంటే దాదాపు హార్స్ పవరే) బండికి అది రెండు పీఎస్. అదీ 6000 ఆర్‌పీఎం దగ్గర మాత్రమే. మీరు ఘాట్‌లో తిప్పే 2500 దగ్గర గాలి ప్రవాహం సగం కూడా ఉండదు, అడ్డు నాలుగో వంతుకు పడిపోతుంది. అక్కడ తేడా ఏమీ తెలీదు.

అనుకోవడం ఎందుకు, కొలిచేయొచ్చు. తాపీమేస్త్రీలు మట్టం చూసే ట్రాన్స్‌పరెంట్ పైపు మూడు మీటర్లు కొనండి. దాన్ని యూ ఆకారంలో ఒక చెక్కకి కట్టి, సగం దాకా రంగు నీళ్లు పొయ్యండి. ఒక కొస గాలికి వదిలేయాలి. రెండో కొసని ఫిల్టర్ తర్వాత, త్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి మూత) కంటే ముందు వచ్చే పైపుకి కలపాలి. ఇంజన్ బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి గాలి పోయే గొట్టం) అక్కడే కలుస్తుంది కాబట్టి అందులో చిన్న టీ జాయింట్ పెడితే చాలు, పైపుకి కన్నం కొట్టనక్కర్లేదు. టీకి, యూకి మధ్య ఒక ఖాళీ సీసా పెట్టడం మర్చిపోవద్దు. లేకపోతే నీళ్లు ఇంజన్‌లోకి పోయే ప్రమాదం ఉంది. ఆనందపురం–పెందుర్తి బైపాస్ లాంటి ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో ఫుల్‌గా తొక్కి 6000 దాకా వెళ్లండి, పక్క సీట్లో వాళ్లు యూ పైపు రెండు కాళ్లలో నీటి మట్టాల తేడా చూస్తారు, ఆ సెంటీమీటర్లే అడ్డు. ఇప్పుడున్న ఫిల్టర్‌తో ఒకసారి, కొత్త పేపర్ ఫిల్టర్ వేసి ఇంకోసారి. చాలా బళ్లకి ఈ రెండో కొలత దగ్గరే కథ అయిపోతుంది.

మైలేజ్ సంగతి: మామూలుగా నడిపేటప్పుడు త్రాటిల్ సగం మూసే ఉంటుంది, గాలిని ఆపుతున్నది అదే. దానికి ముందు ఫిల్టర్ వదులైతే ఏంటి, బిగుతైతే ఏంటి, మీరు పెడల్ కాస్త అటూ ఇటూ తొక్కుతారంతే. పెరిగేది శబ్దమే.

సాగర్‌నగర్_హీట్‌సోక్:
పై లెక్కలో ఇంకోటి కలపండి. బానెట్ లోపల పెట్టే కోన్ ఫిల్టర్ రేడియేటర్ వదిలిన వేడి గాలినే పీలుస్తుంది. ఓబీడీ స్కానర్‌లో (కారు కంప్యూటర్ రీడింగులు చూపించే పరికరం) ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ చూడండి. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బయట 33 ఉంటే లోపల 60 కనిపించడం వింతేమీ కాదు. 30 నుంచి 60కి పోతే గాలి సాంద్రత తొమ్మిది శాతం దాకా పడిపోతుంది. పైగా వేడి గాలి చూసి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ కూడా వెనక్కి లాగుతుంది, పవర్ ఇంకా తగ్గుతుంది. రెండు శాతం కోసం తొమ్మిది పోగొట్టుకోవడమన్నమాట. బండి కదిలాక కొంత తగ్గుతుంది గానీ, ఊళ్లో సిగ్నల్ దాటేలోపే మళ్లీ సిగ్నల్.

బంపర్ వెనక్కి దిగేదానికి ఈ బాధ లేదు. కానీ మూతి నేలకి అడుగు ఎత్తులో ఉంటుంది. గట్టి వాన పడితే జ్ఞానాపురం రైల్వే వంతెన కింద ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! నీళ్లు సిలిండర్‌లోకి పోతే గాలిలా అణగవు, పిస్టన్ పైకొచ్చేటప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ఇది రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉండాలి. అది ఉన్నా సర్వేయర్‌కి కింద వేలాడే బయటి పైపు కనిపిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కూడా చూసుకోండి: నిబంధనలు ఒప్పుకోని మార్పుకి ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

టర్బో_తమ్ముడు:
అందరికీ వద్దనేయడం కూడా కరెక్ట్ కాదు అన్నా. టర్బో బండికి ఈసీయూ ట్యూన్ చేయించి బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచితే గాలి ఎక్కువ కావాలి, అప్పుడు కంపెనీ పైపు నిజంగానే అడ్డమవుతుంది. హీట్ షీల్డ్‌తో మూసిన బాక్స్ వేస్తే ఫలితం ఉంటుంది. టర్బో లేని బండికి ట్యూన్ లేకుండా వేస్తేనే దండగ.

ఒక జాగ్రత్త. ఎయిర్ బాక్స్ దాటగానే పైపు మీద వైర్లున్న సెన్సర్ ఉంటే అది మాఫ్, అంటే లోపలికెళ్లే గాలిని కొలిచేది. అది లెక్క కట్టేది ఆ పైపు వ్యాసాన్ని బట్టే. పైపు మారిస్తే లెక్క తప్పి గాలి-పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్ తగ్గి పల్చబడుతుంది, పీ0171 కోడ్‌తో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్‌కి ఆయిల్ ఎక్కువైతే సెన్సర్ తీగకి అంటుకుని అదే గతి. దానికి మాఫ్ క్లీనర్ స్ప్రేనే వాడాలి, కార్బ్ క్లీనర్ కొట్టొద్దు.

గాజువాక_83పీఎస్:
అయితే బాక్స్ అలాగే ఉంచి, అందులోనే కూర్చునే కాటన్ ఫిల్టర్ వేస్తే?

బానెట్_బాబాయ్:
మీ రూటుకి నేనైతే పేపరే అంటాను. పోర్టు పక్క బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము సన్నగా ఉంటుంది. మంచి పేపర్ ఫిల్టర్ దాన్ని ఆపినంతగా కాటన్ ఆపదు. లోపలికి పోయిన దుమ్ము రింగుల్నీ సిలిండర్ గోడల్నీ అరగదీస్తుంది. బాక్స్ మూత క్లిప్పులు సరిగ్గా పడ్డాయో లేదో చూసి, ఫిల్టర్ తర్వాతి పైపు లోపల తెల్లగుడ్డతో తుడవండి. నల్లగా పొడి అంటితే ఫిల్టర్ అంచు దగ్గర గాలి దొంగదారిన పోతోందని అర్థం. పంక్చర్ షాపు గాలితో ఫిల్టర్ కొట్టించకండి, కాగితం చిరుగుతుంది, కంటికి కనపడదు. మాన్యువల్‌లో దుమ్ము రోడ్లకి రాసిన గడువు ప్రకారం మార్చేయడమే.

ఘాట్ సంగతి వేరు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పీడనమే పది శాతం తక్కువ. ఏ పైపూ దాన్ని తెచ్చిపెట్టదు. మీ ఇంజన్ టార్క్ పూర్తిగా వచ్చేది 4200 దగ్గర. 2500లో ఉంచి లాగట్లేదంటే ఎలా, 3500 పైన తిప్పండి, ఎక్కుడులో ఏసీ ఆపేయండి. 46 వేలంటే స్పార్క్ ప్లగ్గులు మార్చారా? త్రాటిల్ బాడీ క్లీన్ చేయించారా? ముందు ఆ రెండూ చూడండి. తర్వాత స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె) ఎంతుందో ఇక్కడ పెట్టండి. పది శాతం దాటి ఉంటే గాలి లీకు వెతకాలి.