ఉక్రెయిన్ యుద్ధం: అమెరికా మీద కోపం రష్యాకు మద్దతుగా మారవలసిందేనా?

తెనాలి మాస్టారు (చర్చ ప్రారంభించినవారు):

మొన్న మా వీధి చివరి టీ కొట్టు దగ్గర ఒక మిత్రుడు, ఉక్రెయిన్‌లో పుతిన్ చేసినదంతా సబబేనని, అమెరికాకు ఎవరో ఒకరు ముకుతాడు వేయాలి కదా అని అన్నాడు. అక్కడున్న నలుగురిలో ఇద్దరు తల ఊపారు. నాకు ఆ మాట నచ్చలేదు కానీ, వెంటనే కాదనలేకపోయాను. ఎందుకు కాదనలేకపోయానో రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను.

నా తరం వారికి రష్యా పరాయి దేశంలా ఉండేది కాదు. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను ఊళ్లోకి వస్తే, మాస్కోలో తెలుగులోనే అచ్చయిన, నున్నటి కాగితం మీద రంగు బొమ్మలున్న పుస్తకాలు మా జేబుకు అందే ధరకు దొరికేవి. ఆ కథల్లోని గోధుమ చేలు, మంచు కప్పిన పల్లెలు ఏ ప్రాంతానివో మేము ఎన్నడూ అడగలేదు. సోవియట్ యూనియన్ మొత్తాన్నీ మేము రష్యా అనే పిలిచాము. ఆ రోజుల నుంచీ ఇష్టపడి చదివిన గోగోల్ ఉక్రెయిన్ గడ్డ మీద పుట్టినవాడని, తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన నాకు 2022లో గానీ తెలియలేదు. మా అభిమానంలో కొంత భాగం, పేరు కూడా తెలియని ఒక దేశానికి చెందవలసినదన్నమాట.

ఇక పశ్చిమ దేశాల ద్వంద్వ నీతి విషయంలో నాకు భ్రమలేమీ లేవు. 2003లో భద్రతా మండలి అనుమతి లేకుండా ఇరాక్ మీదికి వెళ్లిన దేశాలు, లేని ఆయుధాలను చూపించి ఒక దేశాన్ని ఛిన్నాభిన్నం చేసిన దేశాలు, సార్వభౌమత్వం గురించి ఉపన్యసిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అయితే 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన సంగతి కూడా చూడాలి. తన నేల మీద మిగిలిన సోవియట్ అణ్వాయుధాలను ఉక్రెయిన్ వదులుకున్నందుకు, దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ మూడూ సంతకాలు చేశాయి. 2014లో క్రిమియాను కలుపుకొని ఆ మాట తప్పినది రష్యా. ఖండన ప్రకటనలతోనూ, పైపై ఆంక్షలతోనూ సరిపెట్టుకున్నవి మిగిలిన రెండు. ఈ ముగ్గురిలో ఎవరిని ఎంత తప్పుపట్టినా, తప్పుపట్టడానికి వీలులేనివాడు ఆయుధాలు అప్పగించిన నాలుగోవాడే కదా అన్నది నా సందేహం. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

విశాఖ రేవు:

మాస్టారూ, నేను విశాఖ నావల్ డాక్‌యార్డులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి. 1971 డిసెంబరులో నాకు పదేళ్లు. దీపాల మీద నల్ల కాగితం చుట్టి మా అమ్మ మమ్మల్ని మంచం కింద కూర్చోబెట్టిన రాత్రులు, మా తీరానికి దగ్గరలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిన వార్త, ఇవేవీ నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి కావు. ఆ నెలలో అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపింది. భద్రతా మండలిలో మనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాలను వీటో చేసి అడ్డుకున్నది సోవియట్ యూనియన్. కష్టకాలంలో ఎవరు పక్కన నిలిచారో మరచిపోవడం మన సంస్కారం కాదు.

ఈ యుద్ధానికి బీజం 2022లో పడలేదు. 2008 ఏప్రిల్‌లో బుఖారెస్ట్‌లో జరిగిన, అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో సమావేశం, ఉక్రెయిన్, జార్జియాలు సభ్యులవుతాయని ప్రకటించింది. ఎప్పుడో చెప్పలేదు, అందుకు తొలిమెట్టయిన కార్యాచరణ ప్రణాళిక కూడా ఇవ్వలేదు, ఎందుకంటే జర్మనీ, ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. రష్యాను రెచ్చగొట్టడానికి ఆ ప్రకటన సరిపోయింది, ఉక్రెయిన్‌ను కాపాడడానికి మాత్రం ఎందుకూ కొరగాలేదు. 1962లో క్యూబాలో క్షిపణులు పెడితే ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుకు తీసుకువెళ్లిన అమెరికా, అదే బాధ ఇంకొకరికి ఉండకూడదనడం ఏమి న్యాయం? పైగా 1990లలో పాకిస్తానుకు 320 టి-80యూడీ ట్యాంకులు అమ్మినది ఈ ఉక్రెయినే. మనకు వారు ఏమాత్రం మిత్రులో ఆ లెక్కే చెబుతుంది.

చెరువుగట్టు:

మీరిద్దరూ చరిత్ర మాట్లాడుతున్నారు, నేను రొయ్యల సంగతి మాట్లాడతాను. మాది భీమవరం దగ్గర పల్లె. రష్యా చమురు కొంటున్నందుకు శిక్ష అని చెప్పి 2025 ఆగస్టు 27 నుంచి ట్రంప్ మన సరుకు మీద అదనంగా 25 శాతం వేసి మొత్తం సుంకాన్ని 50 శాతానికి చేర్చాడు, రొయ్యల మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం వగైరాలు వేరే. ఆ వార్త వచ్చిన వారంలోనే కొనుగోలుదారులు కౌంటుకు (కిలోకు తూగే రొయ్యల సంఖ్యకు) ఇంతని ధర తగ్గించేశారు. పట్టుబడికి సిద్ధంగా ఉన్న చెరువును ఆపితే మేత ఖర్చు, అమ్మితే నష్టం. మనకంటే ఎక్కువ రష్యా చమురు కొన్న చైనాకు ఆ కారణంతో ఏ శిక్షా పడలేదు. చౌక చమురు వల్ల బాగుపడ్డది ఎవరో గానీ, మా ఊరి బంకులో లీటరు పెట్రోలు వంద దిగింది లేదు. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడలు నలిగినట్లు మేము నలిగాము. ఇందులో పడమటివారి నీతి ఎక్కడుందో ఎవరైనా చెబితే వింటాను.

ఖార్కివ్ డాక్టరు:

పెద్దలకు నమస్కారం. నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎం.బి.బి.ఎస్. నాలుగో సంవత్సరంలో ఉండగా యుద్ధం మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను.

నాకు పశ్చిమ దేశాల మీదే కాదు, ఉక్రెయిన్ మీద కూడా ఫిర్యాదు ఉంది. పారిపోయే దారిలో ఒక స్టేషనులో, మా వారికే ముందు చోటు అంటూ మమ్మల్ని రైలు మెట్ల మీది నుంచి కిందికి నెట్టారు. నా స్నేహితురాలి మోచేయి చిట్లింది. 2022 మార్చి 2న మన రాయబార కార్యాలయం, ఖార్కివ్‌లోని భారతీయులందరూ సాయంత్రం ఆరు గంటలలోగా, బండి దొరకకపోతే నడిచి అయినా, పిసోచిన్, బాబాయ్, బెజ్‌ల్యుదివ్కా అనే దగ్గరి ఊళ్లకు చేరుకోవాలని చెప్పింది. మేము మంచులో పదకొండు కిలోమీటర్లు నడిచి పిసోచిన్ చేరాము. నా సూట్‌కేసు చక్రం విరిగిపోతే సామాను సగం రోడ్డు పక్కన వదిలేశాను, పుస్తకాలతో సహా.

అయినా నేను రష్యా పక్షం వహించలేను. కారణం నేను అద్దెకున్న ఇంటావిడ. నేను హాస్టలు వదిలి ఆమె ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఖార్కివ్‌లో అత్యధికులకు ఇంట్లో మాట్లాడే భాష రష్యనే, ఆమెకూ అంతే. నేను ఉక్రేనియన్‌లో నేర్చుకున్న నాలుగు ముక్కలు మాట్లాడితే, నీ రష్యనే నయమని నవ్వేది. రష్యన్ మాట్లాడేవారిని కాపాడడానికి వచ్చామని చెప్పుకున్న సైన్యం, రష్యన్ మాట్లాడే ఆ ఊరి మీదే రాకెట్లు వేసింది. నేలమాళిగలో ఆరు రోజులు మేము ఆమె సీసాలో ఊరవేసిన దోసకాయలు, ఎండు రొట్టె పంచుకు తిన్నాము. ఆమె చెల్లెలు సరిహద్దుకు అవతల రష్యాలోని బెల్గొరోద్‌లో ఉంటుంది. ఫోనులో ఆ చెల్లెలు, మీ మీద బాంబులు వేస్తున్నది మీవాళ్లేనట, టీవీలో చెప్పారు అన్నది. ఇంటావిడ ఏమీ బదులు చెప్పకుండా ఫోనును కిటికీ దగ్గరగా పట్టుకుని ఆ చప్పుడు వినిపించింది. చెల్లెలు అప్పటికీ నమ్మలేదు.

రేవు గారూ, మీరు చెప్పిన 2008 సంగతి నిజమే కావచ్చు. ఆ తప్పు చేసినవారు వాషింగ్టన్‌లోనూ, బ్రస్సెల్స్‌లోనూ ఉన్నారు. రాకెట్ పడినది మా పక్క వాటా మీద.

రైన్ ఒడ్డు:

నేను పదకొండేళ్లుగా జర్మనీలో ఉంటున్నాను, కాబట్టి ఇక్కడి రాజకీయం గురించి మాత్రమే చెబుతాను. యుద్ధానికి ముందు జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాసులో సగానికి పైగా రష్యా నుంచే వచ్చేది. 2014లో క్రిమియా పోయిన తరువాత కూడా ఇక్కడి ప్రభుత్వాలు రష్యా గ్యాసు తెచ్చే నార్డ్ స్ట్రీమ్ 2 గొట్టాలు వేయించుకుంటూ కూర్చున్నాయి. ఉక్రెయిన్ ఎంత మొత్తుకున్నా అది కేవలం వ్యాపారమే అన్నారు. 2022 ఫిబ్రవరి 22న, దాడికి రెండు రోజుల ముందు, ఆ ప్రాజెక్టును ఆపారు. ఆ శీతకాలం మేము హీటరును ఒక మెట్టు తగ్గించి, ఇంట్లో స్వెట్టర్లు వేసుకుని తిరిగాము. అదేమీ పెద్ద త్యాగం కాదు, కానీ ఓటరు సహనం ఎంత పలచనిదో అప్పుడే చూశాను. ఉక్రెయిన్ నుంచి వచ్చిన పది లక్షల మందికి పైగా శరణార్థులకు ఈ దేశం తలుపు తీసింది, అది గొప్ప విషయమే. కానీ 2015లో సిరియా నుంచి వచ్చినవారు నెలల తరబడి నిలబడిన ఆశ్రయ దరఖాస్తుల బారు వీరికి లేదు. నా సహోద్యోగి ఒకరు సిరియావాసి. ఆయన ఈ తేడాను గురించి ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు, భోజనాల బల్ల దగ్గర ఆ ప్రస్తావన వస్తే లేచి కాఫీకి వెళ్లిపోతాడు.

2025 ఫిబ్రవరి ఎన్నికల్లో, ఆయుధ సహాయాన్ని వ్యతిరేకించే ఎ.ఎఫ్.డి. పార్టీ 20.8 శాతం ఓట్లతో రెండో స్థానానికి వచ్చింది. ఆ మరుసటి రోజే, యుద్ధానికి సరిగ్గా మూడేళ్లు నిండిన నాడు, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఉక్రెయిన్, ఐరోపా దేశాలు పెట్టిన తీర్మానానికి వ్యతిరేకంగా అమెరికా, రష్యాతో కలిసి ఓటు వేసింది. మరో నాలుగు రోజులకు శ్వేతసౌధంలో కెమెరాల ముందు ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని ఎలా నిలదీశారో అందరూ చూశారు. అందుచేత పుతిన్ అమెరికాకు బుద్ధి చెబుతున్నాడన్న టీ కొట్టు వాదానికి ఇప్పుడు ఆధారమే మిగలలేదని నా అభిప్రాయం. తాను బుద్ధి చెప్పవలసిన దేశంతోనే ఆయన 2025 ఆగస్టులో అలాస్కాలో ఎర్ర తివాచీ మీద కరచాలనం చేశాడు.

తెనాలి మాస్టారు:

రేవు గారు స్నేహధర్మం గురించి చెప్పారు, గౌరవిస్తాను. కానీ స్నేహం రెండు వైపులా ఉండాలి. సహాయకుల ఉద్యోగాలని దళారులు చెప్పిన మాట నమ్మి రష్యా వెళ్లిన మన పిల్లలు యుద్ధరంగానికి చేరారు. హైదరాబాదు యువకుడొకరు మరణించినట్లు మాస్కోలోని మన రాయబార కార్యాలయమే 2024 మార్చిలో ధ్రువీకరించింది. అలాంటివారిని విడిపించాలని ఆ జులైలో మన ప్రధాని స్వయంగా మాస్కోలో అడగవలసి వచ్చింది. మిత్రదేశపు సైన్యంలో మనవాళ్లు ఎందుకున్నారని మనం గట్టిగా ప్రశ్నించామా? నాకు గుర్తున్నంతవరకు మన టీవీ చర్చల్లో ఆ వార్త రెండు రోజులు కూడా నిలవలేదు.

విశాఖ రేవు:

నాటో గురించి నేను అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కు తీసుకోను. ఖార్కివ్ అమ్మాయి రాసినది రెండుసార్లు చదివిన తరువాత, నా వృత్తికి సంబంధించిన ఒక సంగతి దాచడం ధర్మం కాదనిపించింది. ట్యాంకుల లెక్క చెప్పాను, ఇంజన్ల లెక్క చెప్పలేదు. మా ఊరి పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం యుద్ధనౌకను నడిపే గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నగరంలో తయారైనవి. మన వాయుసేన ఏఎన్-32 విమానాలు కీవ్‌లో పుట్టినవి. మేము ఇన్నేళ్లూ వాటన్నింటినీ 'రష్యా మాలు' అనే అనేవాళ్లం. సీల్ మీద ఉన్న ఊరి పేరు మ్యాపులో ఎక్కడుందో చూసినవారు మా షాపులో ఒక్కరూ లేరు. 2024 డిసెంబరులో కలినిన్‌గ్రాద్‌లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ తుశీల్ ఓడ రష్యా కట్టినది, టర్బైన్లు ఉక్రెయిన్ ఇచ్చినవి. రెండు దేశాలూ ఒకదాన్నొకటి చంపుకుంటున్న కాలంలోనే మన ఓడ ఒకటి అలా తయారైంది. పాకిస్తాన్ యుద్ధ విమానాలకు ఇంజన్లు అమ్మినది రష్యా అని కూడా ఒప్పుకుంటున్నాను, కనుక ట్యాంకుల వాదం ఇక నేను వాడను.

అయితే ఐక్యరాజ్యసమితిలో మన దేశం తటస్థంగా ఉండడం తప్పని మాత్రం అనను. మన ఓడలకు విడిభాగాలు కావాలి, అవి రెండు చోట్ల నుంచీ రావాలి.

చెరువుగట్టు:

నా ప్రశ్నకు ఎవరూ బదులివ్వలేదు గానీ, పోనివ్వండి. నేను సూటిగా అడుగుతాను. రష్యా అడిగిన, తూర్పు ఉక్రెయిన్‌లోని ఆ దొనెత్స్క్ ప్రాంతమేదో ఇచ్చేసి యుద్ధం ఆపేస్తే నష్టమేమిటి? గట్టు తగాదాలో కూడా నాలుగు గజాలు వదులుకుని కోర్టు ఖర్చు మిగుల్చుకుంటాం కదా. డాక్టరమ్మా, మీ ఇంటావిడ ఏమంటుంది?

ఖార్కివ్ డాక్టరు:

అందరి తరఫునా నేను చెప్పలేను బాబాయ్ గారూ, ఆమె మాట మాత్రం చెబుతాను. రెండు వారాలకొకసారి ఫోను చేస్తుంటాను. ఇప్పుడు ఆమె నాతో ఉక్రేనియన్‌లోనే మాట్లాడుతుంది. డెబ్బై ఏళ్లు రష్యన్ మాట్లాడిన నోరు కావడంతో తప్పులు దొర్లుతాయి, పక్కింటి పిల్లవాడు దిద్దుతుంటాడట. యుద్ధం ఆగాలని మీకంటే, నాకంటే ఆమెకే ఎక్కువగా ఉంది, చెల్లెలితో మాట్లాడి మూడేళ్లు దాటింది. మీరు అడిగినదే నేనూ కిందటిసారి అడిగాను. సరిహద్దు ఇప్పటికే తన ఇంటికి నలభై కిలోమీటర్లు కూడా లేదని, కొత్త గట్టు ఎక్కడ వేస్తారో, వేసిన చోట అది ఎన్నేళ్లు ఉంటుందో ఎవరైనా కాగితం మీద రాసిస్తారా అని అడిగింది. బుడాపెస్ట్ సంగతి అప్పటికి నాకు తెలియదు, కాబట్టి రాసిస్తారేమోలే అన్నాను.