పుండు మీద పెట్టే పొర ఏ జంతువుదో పేషెంట్‌కి చెప్పాలా, అక్కర్లేదా?

పాలకొల్లు శీను: మా మావయ్యకి కాలి మీద షుగర్ పుండు, ఎన్ని డ్రెస్సింగులు చేసినా మానట్లేదని డాక్టర్ గారు స్కాఫోల్డ్ (కొత్త చర్మం అల్లుకోడానికి ఆసరాగా పుండు మీద పెట్టే పొర) పెడదామన్నారు, సరే అన్నాం. అది పంది నుంచి తీసిందని తర్వాత తెలిసి ఇంట్లో ఒకటే గొడవ. ముందే చెప్పాలి కదండీ?

కోనసీమ సిస్టర్: అది మాంసం కాదండి బాబూ. డిటర్జెంట్లతో కడిగి కణాలన్నీ తీసేస్తారు, మిగిలేది ఎక్కువగా కొలాజెన్ అనే ప్రోటీన్ అల్లికే, మన కణాలు అందులోకి పాకి కొత్త కణజాలం కట్టుకుంటాయి, అది మెల్లగా కరిగిపోద్ది. పేరు చెప్తే సగం మంది వద్దంటారు, ఆనక పుండు ముదిరి కాలు తీయించుకోడానికి వస్తారు. ఆ కేసులు చూసే చెప్తున్నా.

రాజోలు కుర్రోడు: అక్కా, తయారుచేసినోళ్ళే దాచట్లేదు కదా. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ వాళ్ళు పంది పిత్తాశయంతో కోలెడెర్మ్ అనే ఇలాంటి పొర చేశారు, పందిదేనని బాహాటంగానే చెప్పారు, డ్రగ్స్ కంట్రోలర్ పర్మిషన్ కూడా వచ్చింది. 1996లో అమెరికాలో పర్మిషన్ వచ్చిన ఇంటెగ్రా అనే పొరలో ఉండేది ఆవుజాతి కొలాజెన్, షార్క్ మృదులాస్థి నుంచి తీసిన పదార్థం. కంపెనీ చెప్పేది మంచం మీదున్నోడికి చెప్పకపోతే ఎలా?

భీమవరం చెరువులు: ఈ గొడవంతా ఎందుకండీ, చేప ఉందిగా! ఐస్‌లాండ్‌లో కెరెసిస్ వాళ్ళు కాడ్ చేప చర్మంతో చేసి 2013లో అమెరికా పర్మిషన్ తెచ్చుకున్నారు, 2023లో డెన్మార్క్ కోలోప్లాస్ట్ ఆ కంపెనీని 130 కోట్ల డాలర్ల దాకా పెట్టి కొనేసింది. మన శీలావతి, బొచ్చె చర్మమేమో చెత్తలోకి పోతంది ఆయ్.

రాజోలు కుర్రోడు: బాబాయ్, చెరువులో పట్టుకొచ్చి చుట్టేసేది కాదు అది. బ్రెజిల్‌లో తిలాపియా చర్మాన్ని కాలిన గాయాల మీద వాడారు గానీ బాగా స్టెరిలైజ్ చేశాకే, అదీ పైన కట్టే డ్రెస్సింగ్ లాగా. మన చెరువుల్లో కొట్టే మందుల సంగతి నీకు నేను చెప్పాలా 😀 పైగా చేప పడనోళ్ళుంటారు, అసలు నీచే ముట్టని ఇళ్ళుంటాయి, అప్పుడూ అడగాల్సిందేగా.

కోనసీమ సిస్టర్: ఒళ్ళంతా కాలిపోయి స్పృహ లేకుండా వస్తే ఎవర్ని అడగను తమ్ముడూ?

పాలకొల్లు శీను: కాలిన కేసు వేరు సిస్టర్. షుగర్ పుండు నెలల తరబడి ఉంటది, ఎలాగూ సంతకం పెట్టించుకుంటారు, ఆ కాగితంలో తెలుగులో ఒక్క లైను రాయడానికి టైం లేదంటే ఎవరు నమ్ముతారండి? మా మావయ్యైతే ఒప్పుకునేవోడే, అడిగుంటే.